అన్ని దారులూ మోయలేని పెట్టె

బ్రూస్‌పేటలో ఒక లారీ బుకింగ్ ఆఫీసు మీద చిన్న గది ఉండేది. కింద గోతాలు, కాటా, హమాలీల కేకలు, బీడీ పొగ. మెట్లెక్కి తలుపు తోస్తే ఒక్కసారిగా చల్లగాలి. ఆ ఏసీ మనుషుల కోసం పెట్టింది కాదు, యంత్రాల కోసం పెట్టింది. గోడ వారగా మోడెములు, వాటి మీద ఎర్రగా పచ్చగా మినుకుమనే దీపాలు, మూలన ఇనుప స్టాండులో ఒక బూడిదరంగు పెట్టె. ఆ పెట్టె పక్కన నా కుర్చీ. తొంభైల చివర్లో, బళ్లారికి ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన రోజుల్లో, డిగ్రీ అయిపోయిన వెంటనే నేను ఆ కుర్చీలో కూర్చున్నాను.

ఆఫీసు యజమానిని బజారంతా అన్నా అనే పిలిచేది. నేనూ అలాగే పిలిచాను. వాళ్లది తరాలుగా బళ్లారిలో వ్యాపారం చేస్తున్న తెలుగు కుటుంబం. తాత పత్తి అమ్మాడు, తండ్రి లారీలు పెట్టాడు, ఈయన లారీలు ఉంచుకుని పైన ఇంటర్నెట్ పెట్టాడు. ఎవరైనా ఇదేం వ్యాపారమని అడిగితే, “సరుకు మోసేదే కదప్పా మన పని. గోతమైతే ఏంది, మెయిలైతే ఏంది?” అనేవాడు.

ఉద్యోగానికి వెళ్లిన రోజు ఆయన నన్ను అడిగింది ఒకే ప్రశ్న.

“మాట్లాడతావా పాపా?”

నేను తల అడ్డంగా ఊపాను.

“మంచిదే. మాట్లాడేవాండ్లు కింద శానామంది ఉండారు. పైన పెట్టె చెప్పేది వినేవాండ్లు కావల్ల.”

నాకు కావలసిందీ అదే. మాది మిషన్ కాలం నుంచి ఉన్న క్రైస్తవ కుటుంబం. సత్యనారాయణపేటలో ఇల్లు. నాన్న బడిపంతులు, చర్చిలో సంఘపెద్ద. నన్ను కూడా పంతులమ్మను చేయాలని ఆయన కోరిక. చిన్నప్పుడు సండే స్కూల్లో ఒక వాక్యం అప్పజెప్పమని నిలబెడితే నా గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. అయినా ఆయన ఆశ వదులుకోలేదు. ఈ ఉద్యోగం సంగతి చెప్పినప్పుడు కోప్పడలేదు కానీ ఒక గడువు పెట్టాడు. “జూన్లో ట్రైనింగ్ కాలేజీ తెరుస్తారు. అంతదాకా పోయిరా. ఆ ఆఫీసు నిలబడితే నీ ఇష్టం. లేకుంటే గమ్మున వచ్చి ట్రైనింగులో చేరల్ల.”

అంటే ఆ గది నిలబడితే నేను పెట్టె పక్కన ఉంటాను. మూతబడితే క్లాసు నిండా పిల్లల ముందు సుద్దముక్క పట్టుకుని నిలబడతాను. 

ఆ పెట్టెను రౌటర్ అంటారు. కూడలిలో నిలబడి దారి చూపడం దాని పని. ఊళ్లో ఎవరైనా ఫోను లైను మీదుగా మా దగ్గరికి వచ్చి ఒక మెయిల్ పంపితే, అది చిన్నచిన్న ముక్కలుగా వస్తుంది. ప్రతి ముక్క మీదా అది చేరవలసిన చోటు అంకెల్లో ఉంటుంది. పెట్టె ఆ అంకెలు చూసి, తన జ్ఞాపకంలో ఉన్న దారుల పట్టీలో వెతికి, ఇది ఈ లైను మీద, అది ఆ లైను మీద అని పంపుతుంది. బయటి లోకానికి మాకు రెండు లైన్లు ఉండేవి. ఒకటి బెంగళూరుకు, ఇంకొకటి హైదరాబాదుకు. అటు చివర ఉన్న పెద్ద కంపెనీల పెట్టెలు మా పెట్టెకు దారులు చెబుతుండేవి. ఫలానా అంకెల గుంపుకు నా మీదుగా పోవచ్చు, ఫలానా గుంపుకూ పోవచ్చు అని. ఒకసారి చెప్పి ఊరుకోవు. ప్రపంచంలో ఎక్కడ కొత్త దారి పడినా, పాతది తెగినా మళ్లీ చెబుతాయి.

మాలాంటి చిన్న ఆఫీసుకు ప్రపంచంలోని దారులన్నీ తెలియాల్సిన అవసరం లేదు. కానీ అన్న రెండు వైపుల నుంచీ మొత్తం పట్టీ అడిగి తెప్పించుకున్నాడు. అది మర్యాద కోసం చేసిన పని.

కింద లారీ ఆఫీసు బోర్డు రాయించినప్పుడు వాళ్ల నాన్న దారం తెప్పించి కన్నడ అక్షరాలూ తెలుగు అక్షరాలూ ఒకే ఎత్తు ఉన్నాయో లేదో కొలిపించాడట. వాళ్లింట్లో పెళ్లి పత్రిక రెండు భాషల్లోనూ పడేది. వాటిలో ఏ పేజీ పైన రావాలన్న తగువు తెగక పత్రికను మధ్యకు మడిచి, ఎటు తిప్పినా మొదటి పేజీ అయ్యేలా అచ్చు వేయించారు. “మనది గడి ఊరు పాపా,” అనేవాడు అన్న. గడి అంటే సరిహద్దు. “వాకిట్లో కర్ణాటక, పెరట్లో ఆంధ్ర. ఒకర్ని ఎక్కువ చేస్తే ఇంగొకరు మూతి ముడుచుకుంటారు. ఇద్దర్నీ ఒకే మాదిరి అడగల్ల.”

లైన్లు మొదలైన రోజున రెండు మోడెములకూ కుంకుమ పెట్టి, ఇద్దరు మనుషుల్ని నిలబెట్టి రెండు కొబ్బరికాయలు ఒకేసారి కొట్టించాడు. నేను దూరంగా నిలబడి ఉంటే నన్ను పిలిచి, “నువ్వు మీ దేవునికి చెప్పుకో పాపా. ఆయనకు కూడా రెండు లైన్ల సంగతీ చెప్పల్ల, ఒకటి చెప్పి ఒకటి మరిసిపోవద్దు,” అన్నాడు.

అలా మా పెట్టెకు బెంగళూరు ప్రపంచమంతా చెప్పింది. హైదరాబాదు కూడా అదే ప్రపంచాన్ని మళ్లీ మొదటి నుంచీ చెప్పింది. పెట్టె రెండూ గుర్తు పెట్టుకుంది.

శివరాత్రి దాటి ఎండలు ముదిరేసరికి పెట్టె నడుస్తూ నడుస్తూ పడిపోవడం మొదలైంది. వేడికేమో అనుకున్నాం. కిటికీకి తడిపిన గోనెపట్టాలు కట్టాం. ఏసీ ఇంకా పెంచాం. బయట బళ్లారి రాళ్లు పేలుతుంటే నేను లోపల శాలువా కప్పుకుని కూర్చున్నాను. అయినా పడిపోయేది. దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయి మళ్లీ వెలిగేవి. ఏమీ ఎరగని పసిపిల్లలా పెట్టె మొదటి నుంచి నేర్చుకోవడం మొదలుపెట్టేది. బెంగళూరు చెప్పేది, హైదరాబాదు చెప్పేది, అది బుద్ధిగా వినేది. కొంతసేపటికి నిండిపోయి మళ్లీ పడిపోయేది. తెర మీద చివరగా కనిపించే వాక్యం ఎప్పుడూ ఒకటే, జ్ఞాపకంలో చోటు లేదని. రోజూ ప్రపంచంలో ఎక్కడో ఎవరో కొత్తగా ఇంటర్నెట్‌లో చేరుతున్నారు. ఆ ఒక్కరూ మా పెట్టెకు ఇద్దరవుతున్నారు.

దాని వెనక ఇంకో చిక్కు ఉంది. పెట్టె లేచి కూర్చున్నా, దూరదేశాల్లోని పెట్టెలు వెంటనే మా మాట నమ్మేవి కావు. ఎవరైనా పదేపదే వచ్చిపోతూ ఉంటే వాళ్ల దారిని కొంతసేపు పక్కన పెట్టడం వాటి పద్ధతి. లేకపోతే మాలాంటి వాళ్లు పడి లేచిన ప్రతిసారీ లోకమంతా పట్టీలు దిద్దుకుంటూ కూర్చోవాలి. వాటిది తప్పనడానికి లేదు. వస్తున్నానని కబురు పెట్టి మానేసే చుట్టానికి ఎవరు మాత్రం ఎన్నిసార్లు ఎసరు పెడతారు?

ఫోన్లు మోగేవి. ఎత్తడానికి నాకు భయం. కింది నుంచి గుమాస్తా ఎత్తి, “చూస్తాండారప్పా, పైన చూస్తాండారు,” అని అరిచేవాడు. పైన చూస్తున్నది నేనే.

మా ఖాతాదారుల్లో పెద్దవాడు ఒక జీన్స్ సేటు. బళ్లారిలో కుట్టే జీన్స్ ప్యాంట్లు అప్పటికే చాలా ఊళ్లకు పోయేవి. ఈయనకు దుబాయిలో ఒక కొనుగోలుదారు ఉన్నాడు. కొలతలు, రంగులు, గుండీల బొమ్మలు అన్నీ మెయిల్లోనే నడిచేవి. ఒక మధ్యాహ్నం ఆయన మెట్లెక్కి వచ్చి, జేబులోంచి టేపు తీసి గోడ కొలవడం మొదలుపెట్టాడు.

“ఏందప్పా అది?” అన్నాడు అన్న.

“కుట్టు మిషన్లు ఎన్ని పడతాయో చూస్తాండా. మీ ఇంటర్నెట్ ఎట్లా నడిచేట్టు లేదు. గది సల్లగా ఉండాది, మా టైలర్లు హాయిగా కుట్టుకుంటారు. పాపా, రోంత జరుగు.”

నేను కుర్చీతో సహా జరిగాను. టేపు నా వెనక నుంచి పోయింది.

“కొలతలు తీసేకి గది ఇంగా సచ్చిపోలేదప్పా,” అన్నాడు అన్న నవ్వుతూనే. కానీ సేటు వెళ్లాక నవ్వలేదు. బోలెడంతసేపు మోడెముల వైపు చూసి, “జూన్ దాకా చూస్తా పాపా. అప్పటికీ ఇదే కత అయితే గది ఆయప్పకే ఇచ్చేస్తా. ఏం చేసేది?” అన్నాడు.

జూన్ అనే మాట ఇప్పుడు నాన్న నోటా అన్న నోటా ఒకటే అయింది.

పెట్టెలో జ్ఞాపకం పెంచవచ్చేమోనని బెంగళూరులో దాన్ని అమ్మినవాళ్లను అడిగించాం. ఆ పాత రకంలో ఇంతకన్నా పట్టదన్నారు. కొత్త పెట్టె కొనే స్తోమత లేదు. ఇక మిగిలింది ఉన్న చోటులో సర్దుకోవడం.

ఇంట్లో నేను దొంగచాటుగా నవలలు చదివే మనిషిని. ఆ వేసవిలో పెట్టెతో పాటు వచ్చిన లావుపాటి పుస్తకాన్ని కూడా అలాగే చదివాను, దిండు కింద దాచుకోవడం ఒక్కటి తక్కువ. అందులో జల్లెడ పట్టే పద్ధతి దొరికింది. చిన్నచిన్న గుంపుల దారుల్ని వినకుండా వదిలెయ్యమని పెట్టెకు చెప్పవచ్చు. వదిలించాను. అయినా పడిపోయింది. మళ్లీ పుస్తకం తిరగేస్తే అసలు సంగతి తెలిసింది. మా పెట్టెను అమర్చినవాళ్లు దానికి ఒక అలవాటు నేర్పి పోయారు. వద్దని తిప్పికొట్టిన దారుల్ని కూడా ఒక నకలు తీసి దాచుకుంటుంది, ఎప్పుడైనా కావలసి వస్తుందేమోనని. అది చదివి నాకు నవ్వొచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా, విన్న ప్రతి మాటా ఇంటికి తెచ్చి డైరీలో రాసుకునే మనిషిని నేను. పెట్టె మీద మొదటిసారి ప్రేమ పుట్టింది అప్పుడే అనుకుంటాను. ఆ అలవాటు మాన్పించాను. రెండు రోజులు పెట్టె నిలబడింది.

మూడో రోజు సేటు ఫోన్ చేశాడు. గుమాస్తా లేడు, నేనే ఎత్తాల్సి వచ్చింది.

“ఏమ్మా, దుబాయి యాడికి పోయింది?”

“ఏమైంది సేటుగారూ?”

“మొన్నటిదాకా ఉన్నింది కదా! బెంగళూరు వస్తాది, అమెరికా వస్తాది, దుబాయే లేదు. మీరేమన్నా తీసేసినారా?”

తీసేసింది నేనే. ఆ కొనుగోలుదారుడి అంకెలు ఒక చిన్న గుంపులో ఉన్నాయి. వదిలేసిన దారికి బదులు వేరే దారి చూపించకపోతే పెట్టె ఆ ముక్కల్ని చేతిలోంచి జారవిడిచేస్తుంది. దానికీ పుస్తకంలో మందుంది. తెలియని చోటుకు పోయేవన్నీ ఒక వైపుకు తోసెయ్యి, అక్కడివాళ్లు చూసుకుంటారు అని ఒకే ఒక్క దారి రాసుకోవచ్చు. ఆ పేజీ అన్నకు చూపించాను.

ఆయన ఒప్పుకోలేదు. “ఏ వైపుకు తోస్తావు? బెంగళూరుకు తోస్తే హైదరాబాదోళ్లు ఏమనుకుంటారు? హైదరాబాదుకు తోస్తే బెంగళూరోళ్లు? ఇద్దరూ మన కోసం లైను ఏసినారు. వద్దు పాపా. అన్నీ మళ్లా తెప్పించు.”

అన్నీ మళ్లీ తెప్పించాను. సాయంత్రానికి పెట్టె పడిపోయింది.

ఆ వారమంతా ఇంట్లో నాన్న ట్రైనింగ్ కాలేజీ మాట ఎత్తలేదు. దానివల్ల ఆ మాట ఇంకా బరువైంది.

ఆదివారం చర్చికి వెళ్లాను. పాటల తరవాత నాన్న లేచి విజ్ఞాపన ప్రార్థన మొదలుపెట్టాడు. సంఘంలో జబ్బుపడ్డవాళ్ల కోసం, పరీక్షలు రాసేవాళ్ల కోసం, ట్రాన్స్‌ఫర్ కోసం ఎదురుచూసేవాళ్ల కోసం సంఘపెద్ద చేసే ప్రార్థన అది. నా చిన్నతనంలో నాన్న అందరి పేర్లూ చదివేవాడు, ఎవరికి ఏ బాధో దానితో సహా. సంఘం పెరిగింది, పేర్లూ పెరిగాయి. పిల్లలు నిద్రపోయేవారు, పెద్దలు ఒక కన్ను తెరిచి గడియారం చూసేవారు. అయినా నాన్న ఒక్క పేరు కూడా వదిలేవాడు కాదు, నొచ్చుకుంటారని. ఒక అవ్వ మోకాలి నొప్పి సంగతి కొడుకూ చెప్పాడు, కోడలూ చెప్పింది. నాన్న ఆ మోకాలిని రెండుసార్లు దేవుడికి అప్పగించాడు. వెనక బెంచీలోంచి ఎవరో, “మంచిదేలే, రెండు మోకాళ్లూ బాగైతాయి,” అనేసరికి ప్రార్థన మధ్యలో సంఘమంతా నవ్వేసింది.

ఆ తరవాత ఒక ఏర్పాటు చేశారు. పేటకొక మనిషి తమ పేటలోని పేర్లు చూసుకుంటారు. నాన్న పేట పేరు మాత్రం చెప్పి కొంచెం ఆగుతాడు. ఆ మౌనంలో ఆ పేటవాళ్లు తమవాళ్ల పేర్లు తామే నోట్లో అనుకుంటారు. మోకాలి అవ్వకు ఇది అస్సలు నచ్చలేదు. చర్చి బయట నాన్నను నిలదీసింది.

“నా పేరు చెప్పకుంటే దేవునికి నేను యాడుండానో ఎట్ల తెలుస్తాదప్పా?”

“పేట దాకా నేను తీసుకుపోతా అవ్వా. ఇంటి దాకా పోయేది ఆయన పని,” అన్నాడు నాన్న.

“ఆయన పోతాడులే, నువ్వు పేట పేరు సరిగా చెప్పు,” అని అవ్వ గొణుక్కుంటూ పోయింది.

ఇదంతా పాత సంగతి. ఆ ఆదివారం మాత్రం నాన్న, “సత్యనారాయణపేట,” అని ఆగినప్పుడు, చుట్టూ గుసగుసలు లేచినప్పుడు నా మనసు బ్రూస్‌పేట గదిలోకి పోయింది. పేటలన్నీ అయ్యాక నాన్న చివర ఎప్పుడూ ఒక మాట అంటాడు. ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్న మాటే. “ప్రభువా, మేము పేరెరగని వారినందరినీ నీ చేతికి అప్పగిస్తున్నాము.”

ప్రార్థన మధ్యలో నేను కళ్లు తెరిచేశాను. అందరి తలలూ వంగి ఉన్నాయి. నా కళ్లు మాత్రం తెరుచుకుని ఉన్నాయి.

సోమవారం ఆటోలో బ్రూస్‌పేట దాకా చెప్పాల్సిన మాటలు పెదవులతోనే అప్పజెప్పుకున్నాను. అన్న కింద బిల్టీలు, అంటే లారీ సరుకు రసీదులు, చూస్తున్నాడు. పైకి రమ్మన్నాను. నేను పిలవడం అదే మొదటిసారి కాబట్టి పెట్టె కాలిపోయిందేమోనని పరుగెత్తుకొచ్చాడు.

“అన్నా, హైదరాబాదువాళ్లు వాళ్లింటి మనుషుల పేర్లు మాత్రం చెబితే చాలు. ప్రపంచమంతా చెప్పొద్దు. వాళ్ల ఖాతాదారులకు పోయేవన్నీ హైదరాబాదు లైను మీదే పంపుదాం. బెంగళూరువాళ్లు ఏ పేరూ చెప్పొద్దు. మనం పేరెరగనివన్నీ వాళ్ల చేతికి ఇద్దాం. బెంగళూరు లైను తెగితే అప్పుడు అన్నీ హైదరాబాదే చూసుకుంటుంది.” ఊపిరి తీసుకోకుండా చెప్పాను.

అన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “అంటే ఒకరు పెద్దదిక్కు, ఒకరు చుట్టం.”

“ఆపదలో చుట్టమే పెద్దదిక్కు అన్నా.”

“మాట్లాడవని తీసుకుంటే ఇంతింత మాట్లాడతాండావే!” అని కాసేపు ఆలోచించాడు. “కింద మన లారీలు కూడా అంతే కదా. ఆదోని వైపు ఊర్లన్నీ మనకు తెలుసు. దూరం పోయే సరుకు మొత్తం హుబ్బళ్లి లారీకి ఎక్కిస్తాం, ఆడ ఉండేవాండ్లు విడదీసుకుంటారు. ఏ ఊరోళ్లూ కోపం చేసుకోలేదు.” మళ్లీ ముఖం ముడుచుకుంది. “కానీ పాపా, అడిగి తెప్పించుకున్నాం. ఇప్పుడు వద్దు అంటే ఏమనుకుంటారో. నా నోటితో నేను చెప్పలేను. నువ్వే చెప్పు.”

ఫోను స్పీకరులో పెట్టి నా ముందుకు జరిపాడు. ఏసీ గదిలో శాలువా తీసి పక్కన పెట్టాను.

మొదట బెంగళూరు. అక్కడి ఇంజనీరు, “హేళి మేడమ్,” అన్నాడు. చెప్పండి అని. నా కన్నడం బజారు కన్నడమే. “నమగె ఎల్లా రూట్ బేడ సార్. ఒందు డిఫాల్ట్ సాకు,” అన్నాను. మాకు అన్ని దారులూ వద్దు, తెలియనివన్నీ మీవైపు తోసే ఒక్క దారి చాలు అని.

“అష్టేనా? ఆయ్తు బిడి,” అన్నాడాయన. అంతేనా, సరేలెండి. ఇంకో ఫోను మోగినట్టుంది, పెట్టేశాడు.

తరవాత హైదరాబాదు. అన్న కుర్చీ అంచుకు వచ్చి కూర్చున్నాడు. నేను మాట పూర్తి చేయకముందే అటువైపు ఇంజనీరు నవ్వాడు. “మంచి పని చేసిన్రు మేడం. అంత చిన్న డబ్బాకు మొత్తం రూట్ల టేబుల్ ఎందుకని నేనే చెప్దామనుకున్న. మీ సారు ఏమనుకుంటడో అని ఊకున్న.”

అన్న నోరు తెరుచుకుంది. ఫోను పెట్టేదాకా ఆగి రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. “ఏందప్పా ఇది! ఆయప్ప ఏమనుకుంటాడో అని నేను, నేనేమనుకుంటానో అని ఆయప్ప. మా ఇద్దరి మర్యాద మోయలేక పెట్టె పడిపోయింది!”

మధ్యాహ్నానికి మార్పులు అయిపోయాయి. పెట్టె తెర మీద ఇంతకుముందు పరుగులు తీసే పట్టీ ఇప్పుడు ఒక చూపులో అయిపోయేంత చిన్నది. హైదరాబాదు ఇంటివాళ్లు, మన ఊరివాళ్లు, చివర్లో మిగిలిన లోకమంతా ఒకే ఒక్క వరసలో. ఇల్లు సర్దుకున్నాక గది పెద్దదైనట్టు అనిపించింది. బెంగళూరు తెరుచుకుంది. హైదరాబాదు తెరుచుకుంది. దుబాయి మాత్రం తెరుచుకోలేదు. వారం రోజులుగా మేము పడి లేస్తూ ఉన్నాం, ఇప్పుడీ మార్పులకని మళ్లీ ఒకసారి తెగి అతుక్కున్నాం. దూరంగా ఉన్న పెట్టెలు మమ్మల్ని ఇంకా పక్కనే పెట్టి ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే సేటు వచ్చాడు. ఈసారి టేపుతో పాటు ఒక వడ్రంగి కూడా ఉన్నాడు, బల్లల కోసం.

“వచ్చినావా, కూర్చో,” అని అన్న ఆయన్ను కుర్చీలో కుదేసి, బొరుగుల ఉగ్గాణి, బజ్జీ తెప్పించాడు. వడ్రంగికీ ఇచ్చాడు. బజ్జీలు అయిపోయాయి. టీ వచ్చింది. టీ కూడా అయిపోయింది. సేటు చేతులు తుడుచుకుని నావైపు తిరిగాడు.

“పాపా, దుబాయి?”

 చెప్పాల్సింది నేనే.

“వస్తుంది సేటుగారూ. పెట్టె బాగైంది. కానీ ఊరికే వచ్చిపోతుండేవాళ్లని బయటివాళ్లు కొంతసేపు నమ్మరు. మనం పడిపోకుండా నిలబడితే వాళ్లే నమ్ముతారు. ఇప్పుడు మనం ఏమీ చేయకూడదు. ముట్టుకుంటే మళ్లీ మొదటికొస్తుంది.”

“ఏమీ చేయకుండా కూర్చోవల్లనా?”

“అవును సేటుగారూ.”

సేటు అన్నవైపు చూశాడు. “మన బజారులో కూడా అంతే కదా. ఒకసారి చెక్కు తిరిగొచ్చినోడు రోంత దినాలు గమ్మునుండల్ల.”

అందరం ఏమీ చేయకుండా కూర్చున్నాం. వడ్రంగి కునుకు తీశాడు. కింద ఒక లారీ వెనక్కి వస్తుంటే హమాలీలు రానీ రానీ అని అరుస్తున్నారు. నేను మధ్యమధ్య దుబాయి అంకెలు కొట్టి చూస్తున్నాను. జవాబు లేదు. మళ్లీ లేదు. ఎండ కిటికీ మీది గోనెపట్టా దాటి నేల మీదికి వచ్చింది. అప్పుడు తెర మీద ఒక వరస కదిలింది, దాని వెనక ఇంకొకటి. నేను కుర్చీ పక్కకు జరిపి సేటుకు చోటిచ్చాను.

ఆయన మెయిల్ తెరిచాడు. ఇన్ని రోజులుగా ఆగిన కాగితాలు, గుండీల బొమ్మలు ఒకదాని వెనక ఒకటి దిగాయి. సేటు టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

“మా టైలర్ల నసీబులో సల్లగాలి లేదు,” అని లేచి వడ్రంగిని తట్టి లేపాడు. “లెయ్యప్పా, మా కౌల్ బజార్ కుట్టు షెడ్డులోనే కొడుదువు బల్లలు.”

పెట్టె మళ్లీ పడలేదు. ఒకటిరెండుసార్లు బెంగళూరు లైను తెగితే మిగిలిన లోకమంతా నిమ్మళంగా హైదరాబాదు వైపు తిరిగింది. మొదటిసారి అలా తిరిగిన రోజు అన్న హైదరాబాదు మోడెముకు మాత్రం ఒక బొట్టు ఎక్కువ పెట్టబోయి, ఏమనుకున్నాడో, బెంగళూరు మోడెముకూ పెట్టాడు.

జూన్ మొదట్లో నాన్న గొడుగు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. గదిని, దీపాల్ని, నా కుర్చీని చూశాడు. శాలువా చూసి, “సలి పెడతాందా?” అని అడిగాడు. అన్న ఆయన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చాడు.

“మా పాప మాట్లాడతాదా మీతో?” అన్నాడు నాన్న.

“బెంగళూరుతో మాట్లాడతాది సార్, హైదరాబాదుతో మాట్లాడతాది. నాతోనే రోంత తక్కువ.”

నాన్న టీ తాగి, గొడుగు తీసుకుని, సాయంత్రం జాగ్రత్తగా రమ్మని చెప్పి వెళ్లిపోయాడు. కాలేజీ సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

తరవాతి ఆదివారం చర్చిలో నాన్న పేటలు చెబుతున్నాడు. ఒక్కో పేరు చెప్పి ఆగుతున్నాడు. గుసగుసలు లేస్తున్నాయి, అణుగుతున్నాయి. అన్నీ అయిపోయాయనుకున్నాను. అప్పుడాయన కళ్లు మూసుకునే, “బ్రూస్‌పేట,” అన్నాడు.

బ్రూస్‌పేటలో మా సంఘానికి ఒక్క ఇల్లు కూడా లేదు. బెంచీల్లో ఎవరి పెదవులూ కదల్లేదు. నాన్న మాత్రం ఆగే ఉన్నాడు. ఆ మౌనంలో పేర్లు చెప్పవలసిన మనిషిని నేనొక్కదాన్నే. చిన్నగా మొదలుపెట్టాను. అన్న పేరు, కింది గుమాస్తా పేరు, హమాలీల్లో నాకు తెలిసినవాళ్ల పేర్లు, కౌల్ బజార్ షెడ్డులో ఉక్కపోతలో కుడుతున్న టైలర్లు, జీన్స్ సేటు. చివరికి, కొంచెం సిగ్గుపడుతూ, ఆ బూడిదరంగు పెట్టె. నేను అన్నీ చెప్పేదాకా నాన్న ఆగాడు.